ఐడీ ఫార్మసీలో పీజీవై-2 రెసిడెన్సీ: అమెరికాలో ప్రోగ్రామ్ ఎంచుకోవడం ఎలా?

అమెరికాలో ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చదువుతున్న మన పిల్లలూ, ఇండియాలో ఫార్మ్‌డీ చేసి ఇక్కడికి వచ్చినవాళ్ళూ ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "ఐడీ రెసిడెన్సీకి ఏ హాస్పిటల్ బెస్ట్?" ఐడీ అంటే ఇన్ఫెక్షియస్ డిసీజెస్, ఇన్ఫెక్షన్ జబ్బుల విభాగం; రెసిడెన్సీ అంటే ఆస్పత్రిలో జీతంతో చేసే శిక్షణ. పెద్ద యూనివర్సిటీ ఆస్పత్రుల పేర్లు నాలుగు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ నాలుగు పేర్లతో ఎవరికీ పెద్దగా ఉపయోగం ఉండదు. ప్రోగ్రామ్‌ను కొలవాల్సింది అక్కడ రెసిడెంట్ చేతికి ఎలాంటి నిర్ణయాలు వస్తాయి, ఎంత తరచుగా వస్తాయి, ఆ సమయంలో పక్కన ఎవరుంటారు అన్నదాన్ని బట్టి. ఈ మూడూ బాగున్న మామూలు ఆస్పత్రి, ఇవి లేని పెద్ద పేరు కంటే మంచి ఐడీ ఫార్మసిస్టును తయారుచేస్తుంది. ఈ వ్యాసమంతా ఆ సంగతి ఎలా కనిపెట్టాలో చెప్పడానికే.

ముందుగా, దారి ఎలా ఉంటుందో

ఫార్మ్‌డీ తర్వాత చేసే మొదటి ఏడాది రెసిడెన్సీ పీజీవై-1. ఐసీయూ, ఇంటర్నల్ మెడిసిన్, క్లినిక్కులు, డిస్పెన్సింగ్ అన్నీ తిప్పుతారు. రెండో ఏడాది పీజీవై-2 ఒకే స్పెషాలిటీలో ఉంటుంది. ఐడీ వాటిలో ఒకటి. రెండు స్థాయిలకూ గుర్తింపు ఇచ్చేది ఏఎస్‌హెచ్‌పీ అనే అమెరికా ఫార్మసిస్టుల సంఘం. మొదటి ఏడాది పూర్తికాకుండా రెండోదానికి వీల్లేదు. జీతం పూర్తిస్థాయి ఫార్మసిస్టుకు వచ్చేదానిలో సగం చుట్టుపక్కల ఉంటుంది. పని గంటలు నాలుగు వారాల సగటున వారానికి 80 దాటకూడదని నిబంధన. ఇంట్లో అప్పులు, ఈఎంఐలు ఉన్నవాళ్ళు ఈ రెండేళ్ళ లెక్క ముందే వేసుకోవాలి.

ఈ స్పెషాలిటీకి గిరాకీ ఊరికే పెరగలేదు. ఆస్పత్రుల్లో యాంటీబయాటిక్ స్టీవార్డ్‌షిప్‌కు, అంటే యాంటీబయాటిక్‌లను అవసరమైనంత మేరకే సరిగ్గా వాడేలా చూసే పనికి, ఉండాల్సిన మూలాంశాలను అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2014లో ప్రకటించింది. 2017 జనవరి నుంచి, ఆస్పత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ దాన్ని తన ప్రమాణాల్లో చేర్చింది. 2019లో ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌ను నడిపే సీఎంఎస్ కూడా మెడికేర్‌లో ఉన్న ఆస్పత్రులన్నిటికీ స్టీవార్డ్‌షిప్ ప్రోగ్రామ్‌ను షరతుగా పెట్టింది. అదే ఏడాది సీడీసీ తన మూలాంశాలను సవరిస్తూ, స్టీవార్డ్‌షిప్‌ను డాక్టరుతో కలిసి ఫార్మసిస్టు నడిపితే మేలని రాసింది. అంటే రెసిడెన్సీ అవ్వగానే ఆ కుర్చీలో కూర్చోగలిగేలా మిమ్మల్ని తయారుచేయాలి. ప్రోగ్రామ్ ఆ పని చేస్తుందా లేదా అన్నదే చూడాలి.

మొదటి అడుగు: ఏ ఉద్యోగం కోసం చేస్తున్నారో తేల్చుకోండి

"నాకు ఐడీ అంటే ఇష్టం" అన్నంత మాత్రాన సరిపోదు. ఐడీ ఫార్మసిస్టు ఉద్యోగాలు ఒకదానికొకటి పోలిక లేనివి. 300 పడకల కమ్యూనిటీ ఆస్పత్రిలో స్టీవార్డ్‌షిప్ ఒంటిచేత్తో నడపడం ఒక ఉద్యోగం. అవయవ మార్పిడి రోగుల సీఎంవీ వైరస్, ఆస్పర్జిల్లస్ ఫంగస్ ఇన్ఫెక్షన్లతో రోజంతా తలపట్టుకోవడం మరొకటి. హెచ్‌ఐవీ క్లినిక్‌లో పని ఇంకో తీరు. రిల్పివిరిన్ అనే హెచ్‌ఐవీ మాత్రలు వాడుతున్న మనిషి కడుపుమంటకని మెడికల్ షాపులో దానికి పడని ఒమిప్రజోల్ కొనుక్కుని వేసుకుంటుంటే, ఆ ముచ్చట మాటల్లో రాబట్టి ఆపించేది అక్కడి ఫార్మసిస్టే. పిల్లల ఆస్పత్రులు, కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగాలు, కొత్త యాంటీబయాటిక్‌లు తయారుచేసే కంపెనీలు ఇవన్నీ వేరే దారులు.

మీ మనసు ల్యాబ్ పరిశోధన మీద, మందుల మోతాదు గణితం మీద ఉంటే రెసిడెన్సీతో పాటు ఫెలోషిప్ గురించి కూడా చూడండి. ఫెలోషిప్ ఎక్కువగా రెండేళ్ళు ఉంటుంది, పరిశోధనే ప్రధానం. వాటి వివరాలు ఎస్‌ఐడీపీ, అంటే ఐడీ ఫార్మసిస్టుల సంఘం దగ్గర దొరుకుతాయి.

ఇంకో మాట. ఈ ఉద్యోగంలో సగం పని మనుషులను ఒప్పించడం. మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్ అవసరం లేదని మీకు తెలుసు, కల్చర్ (ల్యాబ్‌లో సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) కూడా అదే చెబుతోంది, కానీ రాత్రంతా ఆపరేషన్ చేసి వచ్చిన సర్జన్‌కు దాన్ని ఆపడం ఇష్టం లేదు. ఆయనతో గొడవపడకుండా, వెనక్కి తగ్గకుండా మాట్లాడాలి. ఇలాంటి సంభాషణలంటే ఒళ్ళు జలదరించేవాళ్ళు ఐడీకి పనికిరారని నేను అనను. కానీ వాళ్ళకు ఇది నేర్పే ప్రిసెప్టర్, అంటే రెసిడెంట్‌కు శిక్షణ ఇచ్చే సీనియర్, కావాలి, ఎంపికలో దానికి ఎక్కువ బరువు ఇవ్వాలి.

రెండో అడుగు: క్యాలెండర్ గోడకు తగిలించండి

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పీజీవై-1 జూన్ చివర్లోనో జూలైలోనో మొదలవుతుంది. పీజీవై-2 నిర్ణయం ఆ శరదృతువులోనే తీసుకోవాలి. అంటే ఆస్పత్రిలో దారులు కూడా సరిగ్గా తెలియకముందే స్పెషాలిటీ తేల్చుకోవాలి. అందుకే పీజీవై-1లో చేరగానే డైరెక్టర్‌ను అడిగి ఐడీ రొటేషన్‌ను, అంటే ఆ విభాగంలో పనిచేసే విడతను, ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య వేయించుకోండి. ఫిబ్రవరిలో ఐడీ రొటేషన్ వస్తే దరఖాస్తుకు అది ఏమాత్రం ఉపయోగపడదు, రికమెండేషన్ లెటర్ రాసేవాళ్ళూ దొరకరు.

మీ ఆస్పత్రిలోనే ఐడీ పీజీవై-2 ఉంటే ఎర్లీ కమిట్‌మెంట్ అనే పద్ధతి ఉంటుంది. ఇద్దరికీ ఇష్టమైతే మ్యాచ్‌లోకి (అభ్యర్థులూ ప్రోగ్రామ్‌లూ ఇచ్చిన ర్యాంక్ లిస్టులను బట్టి సీట్లు కేటాయించే పద్ధతి) వెళ్ళకుండానే ఆ సీటు మీకు ఖాయమవుతుంది. డిసెంబరులోనే ఆ కాగితాలు అయిపోతాయి. ఇందులో హాయి ఉంది, ఇల్లు మారక్కర్లేదు, టెన్షన్ లేదు. అయితే ఆ హాయి కోసమే ఒప్పుకోకండి. మొదటి ఏడాదిలో చూసిన అదే ప్రిసెప్టర్లు, అదే ల్యాబ్, అదే పద్ధతులు రెండో ఏడాదీ ఉంటాయి. అక్కడి ఐడీ టీమ్ నిజంగా గట్టిదైతే ఇది మంచి బేరం. కాకపోతే డిసెంబరు దాకా ఓపిక పట్టి బయట చూడండి.

మిగతా తేదీలు ఏటా కొద్దిగా మారినా వరుస మాత్రం మారదు. డిసెంబరులో ఏఎస్‌హెచ్‌పీ మిడ్‌ఇయర్ సమావేశం, జనవరి మొదట్లో ఫోర్కాస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో దరఖాస్తులు, జనవరి, ఫిబ్రవరిల్లో ఇంటర్వ్యూలు, మార్చి మొదట్లో ర్యాంక్ లిస్టు, మార్చి మధ్యలో ఫలితాలు.

ఇంకో విషయం చెప్పుకోవాలి. ఏ ప్రోగ్రామ్ ఎర్లీ కమిట్‌మెంట్‌తో తన సీటు నింపేసుకుందో ముందే కనుక్కోండి. ఒకే సీటున్న చోట అది నిండిపోతే, మీరు కష్టపడి రాసిన లెటర్ వృథా. డిసెంబరులో ఒక్క ఈమెయిల్‌తో తేలిపోయే సంగతిది.

మూడో అడుగు: జాబితా తయారుచేయండి

ఏఎస్‌హెచ్‌పీ ఆన్‌లైన్ డైరెక్టరీలో అన్ని ఐడీ ప్రోగ్రామ్‌లూ ఉంటాయి. మొదట చూడాల్సింది గుర్తింపు స్థితి. కొత్తగా మొదలైన ప్రోగ్రామ్‌కు ప్రీ-క్యాండిడేట్ అనో క్యాండిడేట్ అనో రాసి ఉంటుంది. కొత్తదని వదిలేయక్కర్లేదు. కొన్నిచోట్ల మొదటి రెసిడెంట్‌కు దొరికే శ్రద్ధ పాతచోట దొరకదు. కానీ డైరెక్టర్ ఇంతకుముందు ఎక్కడైనా రెసిడెన్సీ నడిపారా, గుర్తింపు తనిఖీ ఎప్పుడు జరగబోతోంది అని అడిగి తీరాలి.

తర్వాత ప్రతి ప్రోగ్రామ్ ప్రకటించే రొటేషన్ల పట్టిక చదవండి. జనరల్ ఐడీ కన్సల్ట్, స్టీవార్డ్‌షిప్, మైక్రోబయాలజీ, ట్రాన్స్‌ప్లాంట్, క్యాన్సర్ రోగుల ఇన్ఫెక్షన్లు, హెచ్‌ఐవీ క్లినిక్, ఇంటికి వెళ్ళాక సెలైన్ లైన్ ద్వారా యాంటీబయాటిక్ తీసుకునే రోగుల క్లినిక్ ఇలా ఉంటాయి. ఏది తప్పనిసరి, ఏది ఎంపిక, ఏది కాగితం మీద మాత్రమే ఉందో గమనించండి. "ప్రిసెప్టర్ అందుబాటును బట్టి" అని పక్కన రాసి ఉంటే గత రెసిడెంట్ ఆ రొటేషన్ చేశారా అని అడగండి. జాబితాలో ఓ పదిపన్నెండు ప్రోగ్రామ్‌లు ఉంటే చాలు. ముప్ఫైకి దరఖాస్తు పెడితే ఒక్క లెటర్‌లో కూడా ప్రాణం ఉండదు.

నాలుగో అడుగు: ఫోన్ ఎవరికి వస్తుందో కనుక్కోండి

నాకు ఒకే ప్రశ్న అడిగే అవకాశం ఇస్తే ఇదే అడుగుతాను: "రక్తం కల్చర్ పాజిటివ్ వచ్చినప్పుడు ల్యాబ్ నుంచి ఫోన్ ఎవరికి వస్తుంది?"

ఎందుకో చెబుతాను. మధ్యాహ్నం మూడు గంటలకు ఒక సీసా పాజిటివ్ అయ్యిందనుకోండి. గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) గుత్తులుగా గ్రామ్ పాజిటివ్ కాకై, అంటే గుండ్రటి బ్యాక్టీరియా, కనబడ్డాయి. కాసేపటికి పీసీఆర్ ప్యానెల్ స్టాఫిలోకాకస్ ఆరియస్ అని చెప్పింది, మెక్‌ఏ జన్యువు లేదంది. అంటే మామూలు మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకం కాదు. రోగికి వాంకోమైసిన్ నడుస్తోంది. ఈ బ్యాక్టీరియాకు వాంకోమైసిన్ కంటే సెఫజోలిన్ మేలు, కాబట్టి మార్చాలి. మార్చేముందు చార్ట్‌లో పెన్సిలిన్ అలర్జీ అని ఉందేమో చూడాలి. ఉంటే అది చిన్నప్పటి దద్దురా, ప్రాణం మీదికి తెచ్చే నిజమైన అనాఫిలాక్సిసా అని రోగినే అడగాలి. అమెరికాలో దాదాపు 10 శాతం మంది తమకు పెన్సిలిన్ అలర్జీ ఉందంటారు, నిజంగా ఉన్నవాళ్ళు 1 శాతం కూడా ఉండరని సీడీసీ చెబుతుంది. తర్వాత మళ్ళీ కల్చర్లు పంపించాలి, గుండె ఎకో చేయించాలి, ఐడీ డాక్టర్‌ను కన్సల్ట్‌కు పిలిపించాలి, పెద్ద సిరలో పెట్టిన పాత సెంట్రల్ లైన్ ఉంటే తీయించే మాట ఎత్తాలి.

ఈ పనులన్నీ ఒక గంటలో జరగాలి. ఆ ఫోన్ రెసిడెంట్‌కు వచ్చే ఆస్పత్రిలో ఏడాది తిరిగేసరికి మీరు ఇలాంటివి లెక్కలేనన్ని చూసి ఉంటారు. ఫోన్ నర్సుకు వెళ్ళి, నర్సు డాక్టర్‌కు చెప్పి, మర్నాడు ఉదయం రౌండ్స్‌లో మీరు ఆ సంగతి వినే ఆస్పత్రిలో అదే ఏడాది గడిస్తే, మీకు తెలిసేది వేరొకరు తీసుకున్న నిర్ణయాల చరిత్ర.

దీనికి తోడుగా ఇంకో రెండు అడగండి. వాడకంపై ఆంక్షలున్న యాంటీబయాటిక్‌లకు ముందస్తు అనుమతి ఇచ్చే పేజర్ ఎవరి దగ్గర ఉంటుంది? రెసిడెంట్ దగ్గరే ఉంటే, మొదటి కొన్ని వారాలు వెనక ఎవరుంటారు? పేజర్ చేతికిచ్చి వదిలేసే ప్రోగ్రామ్ కూడా ప్రమాదమే. రెండోది, స్టీవార్డ్‌షిప్ టీమ్ డాక్టర్లతో ఎలా మాట్లాడుతుంది? కొన్నిచోట్ల చార్ట్‌లో నోట్ రాసి ఊరుకుంటారు. కొన్నిచోట్ల రోజూ వార్డుకు నడిచి వెళ్ళి ఎదురెదురుగా మాట్లాడతారు. చిల్డ్రన్స్ హాస్పిటల్ కొలరాడో ఈ పద్ధతికి పేరు తెచ్చింది, దాన్ని హ్యాండ్‌షేక్ స్టీవార్డ్‌షిప్ అంటారు. పైన చెప్పిన సర్జన్ సంభాషణలు నేర్చుకోవాలంటే రెండో రకం చోటే మేలు.

వాంకోమైసిన్ మోతాదు లెక్క గురించి కూడా ఒక ముక్క అడగండి. 2020లో వచ్చిన మార్గదర్శకాలు ఏయూసీ (రోజంతా రక్తంలో ఉండే మందు మొత్తాన్ని చెప్పే కొలత) 400 నుంచి 600 మధ్య ఉండేలా చూడమంటాయి, ఒక్క ట్రఫ్ (తర్వాతి డోసుకు ముందు రక్తంలో మిగిలే మందు) స్థాయి మీద ఆధారపడొద్దంటాయి. ఇప్పటికీ ట్రఫ్‌లతోనే నెట్టుకొస్తున్న ఆస్పత్రి అయితే, మారడానికి ఏం అడ్డొచ్చిందో వినండి. జవాబును బట్టి అక్కడి ఫార్మసీ మాటకు ఎంత విలువ ఉందో తెలుస్తుంది.

అయిదో అడుగు: మనుషులు, ల్యాబ్, వారాంతాలు

ఐడీ ఫార్మసిస్టు ఒక్కరే ఉన్న ప్రోగ్రామ్ అయితే, ఆయనో ఆమెనో మధ్యలో ఉద్యోగం మానేస్తే మీ ఏడాది ఏమవుతుంది? ఇది ఊహించుకునే భయం కాదు, జరిగే సంగతే. కనీసం ఇద్దరు ముగ్గురు ఐడీ ప్రిసెప్టర్లు ఉన్నచోటు చూసుకోండి. వాళ్ళలో ఒకరికైనా బీసీఐడీపీ ఉందేమో చూడండి. 2019లో మొదటి పరీక్ష జరిగిన ఐడీ ఫార్మసీ బోర్డు సర్టిఫికేషన్ అది.

ఐడీ డాక్టర్ ఫెలోలు, అంటే ఐడీ స్పెషలిస్టులుగా శిక్షణ పొందుతున్న డాక్టర్లు, ఉండటం మంచిదా చెడ్డదా అని అడుగుతుంటారు. రౌండ్స్‌లో చర్చ లోతుగా ఉంటుంది, అది లాభం. కానీ ప్రతి ఫోన్ ఫెలోకే వెళ్ళి మీరు నోట్సు రాసుకుంటూ నిలబడే చోట్లూ ఉన్నాయి. ప్రస్తుత రెసిడెంట్‌ను నేరుగా అడగండి: "మీరు చెప్పిన మాట మీద నిన్న ఏ మందు మారింది?" నిన్న కాకపోతే ఈ వారం. జవాబు కోసం ఎక్కువ సేపు తడుముకుంటే ఆ మౌనమే మీకు జవాబు.

మైక్రోబయాలజీ ల్యాబ్ ఆస్పత్రిలోనే ఉందా, వేరే ఊళ్ళో ఉందా అన్నది చాలామంది అడగరు. ప్లేట్లు కళ్ళతో చూసి, ల్యాబ్ టెక్నాలజిస్టులతో కూర్చుని నేర్చుకున్నది పుస్తకంలో రాదు. కార్బపెనెమ్ రకం మందులకు లొంగని క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా వస్తే ఏ పరీక్ష ఎప్పుడు చేస్తారు, యాంటీబయోగ్రామ్ (ఆ ఆస్పత్రిలో ఏ బ్యాక్టీరియాకు ఏ మందు పనిచేస్తుందో చెప్పే పట్టిక) ఎవరు తయారుచేస్తారు, అందులో రెసిడెంట్ పాత్ర ఉందా అని కనుక్కోండి.

వారాంతపు డ్యూటీ రెండో వారానికోసారా, నాలుగో వారానికోసారా? ఆ డ్యూటీలో మీరు చేసేది స్టీవార్డ్‌షిప్పా, సెంట్రల్ ఫార్మసీలో ఆర్డర్లు చూడటమా? కొంత స్టాఫింగ్ అవసరమే, చేతికి వేగం వస్తుంది. మరీ ఎక్కువైతే పరిశోధన ప్రాజెక్టు మే నెలలో హడావిడిగా ముగించాల్సి వస్తుంది. గత రెసిడెంట్ల ప్రాజెక్టులు ఐడీ నిపుణులు కలిసే ఐడీ వీక్‌లోనో, మ్యాడ్-ఐడీ సమావేశంలోనో వచ్చాయా, జర్నల్‌లో అచ్చయ్యాయా, వాళ్ళిప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు అన్నది అడిగితే దాచకుండా చెప్పే ప్రోగ్రామ్‌లను నమ్మవచ్చు.

ఆరో అడుగు: దరఖాస్తు, ఇంటర్వ్యూ

ఫోర్కాస్‌లో సీవీ, ట్రాన్స్‌క్రిప్టు, లెటర్ ఆఫ్ ఇంటెంట్, మూడు రికమెండేషన్లు పెట్టాలి. లెటర్‌లో "చిన్నప్పటి నుంచి సూక్ష్మజీవులంటే ఆసక్తి" లాంటివి వద్దు. మీరు పట్టుకున్న ఒక కేసు, మీరు ఏం చెప్పారు, ఏం జరిగింది, ఆ ప్రోగ్రామ్‌లో అలాంటి పని ఏ రొటేషన్‌లో దొరుకుతుంది అన్నది ఒక పేజీలో రాయండి. రికమెండేషన్ రాసేవాళ్ళలో ఒకరు మీతో ఐడీ పని చేసినవాళ్ళు, ఒకరు మీ పీజీవై-1 డైరెక్టర్ ఉంటే బాగుంటుంది.

ఇంటర్వ్యూలో సాధారణంగా ఒక ప్రెజెంటేషన్, ఒక కేసు ఉంటాయి. కేసులో వాళ్ళు చూసేది మీకు అన్నీ తెలుసా అని కాదు. తెలియనప్పుడు ఏం అడుగుతారో, ఎక్కడ వెతుకుతారో చూస్తారు. మీరు కూడా వాళ్ళను గమనించండి. ప్రస్తుత రెసిడెంట్‌తో ప్రిసెప్టర్లు లేకుండా మాట్లాడే సమయం ఇవ్వని ప్రోగ్రామ్‌ను నేనైతే జాబితాలో కిందికి నెడతాను.

ఇండియాలో ఫార్మ్‌డీ చేసినవాళ్ళకు

పీసీఐ (ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) 2008లో ఆరేళ్ళ ఫార్మ్‌డీ తెచ్చాక తెలుగు రాష్ట్రాల్లో వీధికో కాలేజీ అన్నట్టు వచ్చాయి, ఆ పట్టాతో ఇక్కడికి వచ్చేవాళ్ళూ పెరిగారు. 2003 తర్వాత పట్టా పొందినవాళ్ళకు ఎన్‌ఏబీపీ (అమెరికా ఫార్మసీ బోర్డుల సంఘం) కనీసం అయిదేళ్ళ కోర్సు అడుగుతుంది, అందుకే నాలుగేళ్ళ బీఫార్మ్ ఒక్కటే ఉంటే ఈ దారి మూసుకుపోతుంది. మిగతావాళ్ళు పట్టా పరిశీలన, టోఫెల్, విదేశీ ఫార్మసీ పట్టభద్రులకు పెట్టే ఎఫ్‌పీజీఈఈ పరీక్ష పూర్తిచేసి, వీటన్నిటికీ ఇచ్చే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పీజీవై-1కి ఏఎస్‌హెచ్‌పీ ప్రమాణాలు ఈ సర్టిఫికెట్‌ను ఒప్పుకుంటాయి. ఆ పైన రాష్ట్రం అడిగే ఇంటర్న్ గంటలు, నాప్లెక్స్ అనే ఫార్మసిస్టు లైసెన్సు పరీక్ష, రాష్ట్ర చట్టాల పరీక్ష ఉంటాయి.

అసలు అడ్డంకి వీసా. చాలా ప్రోగ్రామ్‌లు స్పాన్సర్ చేయవు, కొన్ని దాన్ని వెబ్‌సైట్‌లోనే రాస్తాయి, కొన్ని రాయవు. రాయనిచోట దరఖాస్తుకు ముందే డైరెక్టర్‌కు ఈమెయిల్ పెట్టండి. మొహమాటపడితే ఇంటర్వ్యూ దాకా వెళ్ళి తిరిగిరావాల్సి వస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: పీజీవై-1 ఎంచుకునేటప్పుడే మీ వీసా రెండేళ్ళు సాగుతుందా అని లెక్క వేయండి. ఒక ఏడాదికే సరిపోయే పర్మిట్‌తో మొదటి ఏడాది చేసి, ఐడీకి సీటు వచ్చినా చేరలేక ఆగిపోవడం చాలా బాధాకరం. వీసా విషయం ఆస్పత్రి హెచ్‌ఆర్ దగ్గర రాతపూర్వకంగా తెచ్చుకోండి, ప్రిసెప్టర్ నోటిమాట సరిపోదు.

ఏడో అడుగు: ర్యాంక్ లిస్టు

మ్యాచ్ లెక్క అభ్యర్థి ఇష్టాన్ని ముందు పెట్టి నడుస్తుంది. కాబట్టి "వాళ్ళు నన్ను పైన పెడతారో లేదో" అన్న ఊహతో వరుస మార్చకండి. నిజంగా ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నారో అదే ఒకటి. వెళ్ళడం ఇష్టం లేని ప్రోగ్రామ్‌ను చివర్లో కూడా రాయకండి, మ్యాచ్ అయితే అది ఒప్పందమే. మీ వరుస చెప్పమని ప్రోగ్రామ్‌లు అడగడానికి మ్యాచ్ నిబంధనలు ఒప్పుకోవు. ఎవరైనా అడిగితే మర్యాదగా తప్పించుకోండి, ఆ ప్రోగ్రామ్ గురించి మరోసారి ఆలోచించండి.

వరుస రాసేరోజు కాగితం మీద ప్రతి ప్రోగ్రామ్ పక్కన మూడే రాసుకోండి: ఫోన్ ఎవరికి వస్తుంది, ఇద్దరు ప్రిసెప్టర్ల పేర్లు, గత రెసిడెంట్ ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం. మీకు కావాల్సిన ఉద్యోగానికి ఏ వరుస దగ్గరగా ఉందో కనబడుతుంది. ఊరు, జీవిత భాగస్వామి ఉద్యోగం, పిల్లల బడి కూడా లెక్కలోకి రావాల్సినవే. ఏడాది పాటు వారానికి అరవై డెబ్భై గంటలు పనిచేసే మనిషికి ఇంటికొచ్చాక పలకరించే తోడు ఉండటం చిన్న విషయం కాదు.

మొదటి విడతలో సీటు రాకపోతే రెండో విడత మ్యాచ్ ఏప్రిల్ దాకా నడుస్తుంది, మిగిలిన సీట్ల జాబితా వస్తుంది. అక్కడా ఇవే ప్రశ్నలు అడగండి, తొందరలో వదిలేయకండి. అప్పటికీ కుదరకపోతే ఆస్పత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుగా చేరి స్టీవార్డ్‌షిప్ పని అడిగి తీసుకోవచ్చు. ఎస్‌ఐడీపీ, మ్యాడ్-ఐడీ రెండూ స్టీవార్డ్‌షిప్ సర్టిఫికెట్ కోర్సులు నడుపుతాయి. పీజీవై-1 చేసినవాళ్ళు రెండేళ్ళ ఐడీ అనుభవంతో, రెసిడెన్సీ అసలు చేయనివాళ్ళు నాలుగేళ్ళ అనుభవంతో బీసీఐడీపీ పరీక్ష రాయొచ్చు. ఆ అనుభవంలో కనీసం సగం సమయం ఐడీ పనికే కేటాయించి ఉండాలి, కాబట్టి ఉద్యోగంలో చేరేటప్పుడే జాబ్ డిస్క్రిప్షన్‌లో ఆ శాతం రాయించుకోండి.